వర్చువల్ మెషీన్లకు ఏ లినక్స్ కెర్నల్ పెట్టాలి? హోస్ట్, గెస్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్ మీద వీఎంలు నడపడం మొదలుపెట్టాక ఏదో ఒక రోజు ఈ సందేహం వచ్చి తీరుతుంది: అసలు మెషీన్‌లో (హోస్ట్‌లో) ఏ కెర్నల్ ఉండాలి, దాని మీద నడిచే వీఎంలలో, అంటే వర్చువల్ మెషీన్లలో (గెస్ట్‌లలో), ఏది ఉండాలి అని. నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ పెడుతున్నాను. నేను రోజూ పనిచేసేది లినక్స్ హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) అయిన కేవీఎంతో కాబట్టి ఎక్కువగా దాని గురించే ఉంటుంది, మిగతా హైపర్‌వైజర్ల సంగతి మధ్యలో ఒకచోట వస్తుంది.

హోస్ట్‌లో, గెస్ట్‌లో ఒకే కెర్నల్ ఉండాలా?

అక్కర్లేదు. గెస్ట్‌కి కనిపించేది హోస్ట్ కెర్నల్ కాదు, ఒక మెషీన్: ఒక సీపీయూ, కొంత ర్యామ్, కొన్ని పీసీఐ డివైస్‌లు. ఆ డివైస్‌లకు డ్రైవర్లు ఉంటే చాలు, గెస్ట్ కెర్నల్ ఏ వెర్షనైనా బూట్ అవుతుంది. 6.12 హోస్ట్ మీద 4.18 గెస్ట్ హాయిగా నడుస్తుంది, 5.14 హోస్ట్ మీద కొత్త కెర్నల్ ఉన్న గెస్ట్ కూడా అంతే. కంటైనర్ల సంగతి మాత్రం వేరు. వాటికి సొంత కెర్నల్ ఉండదు, హోస్ట్‌దే వాడుకుంటాయి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లే ఈ ప్రశ్న ఇన్నిసార్లు వస్తుందని నాకనిపిస్తుంది.

మరి హోస్ట్‌కి ఎలాంటిది ఎంచుకోవాలి?

మీ డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటిది) ఇచ్చే మామూలు కెర్నల్. చాలామందికి ఈ జవాబు చప్పగా అనిపిస్తుంది కానీ దీని వెనక గట్టి కారణం ఉంది. కేవీఎం అనేది కెర్నల్ పక్కన ఉండే వేరే సాఫ్ట్‌వేర్ కాదు, కెర్నల్‌లో భాగమే. 2007లో వచ్చిన 2.6.20 నుంచి అది కెర్నల్‌లోనే ఉంది. అంటే మీరు హోస్ట్ కెర్నల్ మార్చిన ప్రతిసారీ హైపర్‌వైజర్‌ని కూడా మారుస్తున్నట్టే. గెస్ట్ కెర్నల్ పానిక్ అయితే (లోపంతో పూర్తిగా ఆగిపోతే) ఒక వీఎం పోతుంది, హోస్ట్ కెర్నల్ పానిక్ అయితే దాని మీదున్న ముప్పై వీఎంలు ఒకేసారి పోతాయి. ముప్పై మంది యూజర్ల నుంచి ఒకేసారి ఫోన్లు వస్తుంటే పడే టెన్షన్ ముందు, కొత్త కెర్నల్ వల్ల వచ్చే రెండు మూడు శాతం లాభం ఏమూలకీ రాదు.

కొత్త కెర్నల్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి, వాటిని కాదనను. సర్వర్ కొత్తదై దాని నెట్‌వర్క్ కార్డ్‌నో స్టోరేజ్ కంట్రోలర్‌నో పాత కెర్నల్ గుర్తించకపోతే మార్చక తప్పదు. గెస్ట్ మెమరీని హోస్ట్‌కి కూడా కనపడకుండా ఎన్‌క్రిప్ట్ చేసే కాన్ఫిడెన్షియల్ వీఎంలు కావాలన్నా అంతే. దీనికోసం ఏఎండీ ఇచ్చే ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీకి హోస్ట్ వైపు సపోర్ట్ మెయిన్‌లైన్‌లోకి (అసలు లినక్స్ కెర్నల్ సోర్స్‌లోకి) వచ్చింది 6.11లో, ఇంటెల్ టీడీఎక్స్‌కి 6.16లో. గెస్ట్ వైపు మాత్రం రెండూ 5.19కే వచ్చేశాయి. ఇలాంటి అవసరం ఉన్నప్పుడు కూడా ముందు మీ డిస్ట్రోలోనే వెతకండి: పాత రిలీజ్ మీద కొత్త కెర్నల్ కోసం ఉబుంటులో హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్, డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ ఉన్నాయి. బయటి నుంచి తెచ్చిపెట్టుకోవడం ఆఖరి మాటగా ఉండాలి.

మా హోస్ట్‌లో 5.14 కనిపిస్తోంది. పాతబడిపోయినట్టేనా?

నంబర్ చూసి అలా అనుకోకండి. ఆర్‌హెచ్ఈఎల్ 9 కెర్నల్ పేరుకి 5.14, ఆర్‌హెచ్ఈఎల్ 8ది 4.18. కానీ ప్రతి మైనర్ రిలీజ్‌లోనూ పై వెర్షన్ల నుంచి ఫిక్స్‌లు, డ్రైవర్లు, కేవీఎం మార్పులు వెనక్కి తెచ్చి అందులో కలుపుతూనే ఉంటారు. పేరు అలాగే ఉంటుంది, లోపల సరుకు మారుతుంది. యూనేమ్ కమాండ్ చూపించే మొదటి మూడు అంకెల కన్నా, వాటి వెనక ఉండే డిస్ట్రో బిల్డ్ నంబరే ఇక్కడ ముఖ్యం. అది చివరి అప్‌డేట్‌దా కాదా అన్నది చూసుకోండి. మిగతావాటి విషయానికొస్తే డెబియన్ 12లో 6.1, డెబియన్ 13లో 6.12, ఉబుంటు 24.04లో మొదట వచ్చింది 6.8, ఆర్‌హెచ్ఈఎల్ 10లో 6.12. వీటిలో ఏదైనా హోస్ట్‌కి సరిపోతుంది.

కెర్నల్‌ని నేనే కంపైల్ చేసి హోస్ట్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ ఆ రోజు నుంచి సెక్యూరిటీ ప్యాచ్‌ల బాధ్యత మీ నెత్తిన పడుతుంది. స్టేబుల్ సిరీస్‌లలో దాదాపు వారానికొక రిలీజ్ వస్తుంటుంది. ప్రతిసారీ మార్పులు చదివి, బిల్డ్ చేసి, టెస్ట్ చేసి, రీబూట్ చేసే ఓపిక రెండేళ్లు నిలుస్తుందా అని ఒకసారి నిజాయితీగా ఆలోచించుకోండి. తప్పదంటే 6.6, 6.12 లాంటి లాంగ్‌టర్మ్ సిరీస్ తీసుకోండి. కొత్త మెయిన్‌లైన్ రిలీజ్ రాగానే అదే రోజు హోస్ట్ మీదకి ఎక్కించొద్దు.

ఇంకో చిక్కు బయటి మాడ్యూళ్లతో. హోస్ట్‌లో జెడ్ఎఫ్ఎస్ వాడుతున్నారనుకోండి, అది మెయిన్‌లైన్ కెర్నల్‌లో భాగం కాదు. ప్రతి జెడ్ఎఫ్ఎస్ రిలీజ్‌కి ఫలానా కెర్నల్ వరకే అని ఒక హద్దు ఉంటుంది. కెర్నల్ ఆ హద్దు దాటితే మాడ్యూల్ బిల్డ్ ఫెయిలవుతుంది. ఆ ఎర్రర్ అప్‌డేట్ అవుట్‌పుట్‌లో ఎక్కడో మధ్యలో వచ్చి పోతుంది, మీరు చూడకుండా రీబూట్ చేస్తారు, పూల్ ఇంపోర్ట్ కాదు. వీఎం డిస్కులన్నీ ఆ పూల్‌లోనే ఉంటాయి. జీపీయూ డ్రైవర్లు బయటి నుంచి పెట్టుకున్నవాళ్లకీ ఇదే గొడవ.

గెస్ట్ కోసమే చేసిన చిన్న కెర్నళ్లు ఉన్నాయి కదా, అవి వాడొచ్చా?

వాడొచ్చు, చాలాచోట్ల అవే మంచివి కూడా. డెబియన్‌లో క్లౌడ్ కెర్నల్, ఆల్పైన్‌లో లినక్స్-వర్ట్, ఉబుంటులో లినక్స్-వర్చువల్ ప్యాకేజీ. వీటిలో సౌండ్ కార్డులు, వైఫై, రకరకాల అసలు హార్డ్‌వేర్‌కి కావాల్సిన డ్రైవర్లు తీసేస్తారు. డిస్క్ మీద పట్టే చోటు తగ్గుతుంది, ఇనిషియల్ ర్యామ్‌డిస్క్ (బూట్ మొదట్లో కెర్నల్‌కి కావాల్సిన డ్రైవర్లుండే ఫైల్) చిన్నదవుతుంది, బూట్ కాస్త త్వరగా అవుతుంది. కాకపోతే వీఎం లోపల పని వేగంగా జరుగుతుందని మాత్రం ఆశించకండి. లోడ్ కాని డ్రైవర్ వల్ల వేగం తగ్గదు, కాబట్టి దాన్ని తీసేస్తే వేగం పెరగదు.

ఏం తీసేశారో తెలియకుండా వాడితే ఇబ్బంది పడతారు. నేనొకసారి డెబియన్ క్లౌడ్ ఇమేజ్‌తో వీఎం చేసి, వెబ్ కన్సోల్ తెరిచి చూస్తే నల్ల స్క్రీన్. బూట్‌లోడర్ మెనూ కనిపించింది, ఎంటర్ కొట్టాక ఇక ఏమీ లేదు. పాడైన ఇమేజ్ అనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, అదే నలుపు. ఓ గంట తర్వాత ఎందుకో పింగ్ చేస్తే జవాబు వచ్చింది! వీఎం మొదటి నిమిషం నుంచీ చక్కగా నడుస్తూనే ఉంది, ఆ కెర్నల్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్లు లేక స్క్రీన్ మీద ఏమీ గీయలేకపోయింది, అంతే. వీఎంకి ఒక సీరియల్ పోర్ట్ తగిలించి, కెర్నల్ లైన్‌లో కన్సోల్‌ని దానికి మళ్లిస్తే లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. అప్పటినుంచి ఏ గెస్ట్ చేసినా మొదట సీరియల్ కన్సోల్ పెట్టాకే మిగతా పని.

యూఎస్‌బీ డివైస్‌నో, జీపీయూనో గెస్ట్‌కి పాస్‌త్రూ (నేరుగా అప్పగించడం) ఇవ్వాలనుకుంటే మాత్రం ఈ చిన్న కెర్నళ్ల జోలికి వెళ్లకండి. గెస్ట్‌కి అసలు హార్డ్‌వేర్ కనిపిస్తున్నప్పుడు దానికి అసలు డ్రైవర్లే కావాలి. మామూలు కెర్నల్ వేసుకోండి.

గెస్ట్ కెర్నల్‌లో తప్పనిసరిగా ఏవి ఉండాలి?

కేవీఎం మీదైతే వర్ట్‌ఐఓ డ్రైవర్లు (వీఎంల కోసమే చేసిన వర్చువల్ డివైస్‌లవి): పీసీఐ, నెట్‌వర్క్, బ్లాక్, స్కజీ. వీటిలో నెట్‌వర్క్, బ్లాక్ డ్రైవర్లు 2008లో వచ్చిన 2.6.24 నుంచి, స్కజీ 2012లో వచ్చిన 3.4 నుంచి కెర్నల్‌లో ఉన్నాయి కాబట్టి ఈనాటి ఏ డిస్ట్రో కెర్నల్‌లోనైనా దొరుకుతాయి. వీటితో పాటు బెలూన్ డ్రైవర్, ర్యాండమ్ నంబర్ డ్రైవర్, కేవీఎం గెస్ట్ సపోర్ట్ ఉంటే బాగుంటుంది. సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లకు కెర్నల్ సోర్స్‌లోనే కేవీఎం గెస్ట్ కాన్ఫిగ్ అనే మేక్ టార్గెట్ ఉంది, అది ఈ ఆప్షన్లను చాలావరకు తనే ఆన్ చేస్తుంది. ఒక్కో ఆప్షన్ వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

పాత ఫిజికల్ సర్వర్‌ని వీఎంగా మార్చాను, బూట్ కావట్లేదు. కెర్నల్ మార్చాలా?

చాలాసార్లు కెర్నల్ తప్పేమీ ఉండదు. లోపం ఇనిషియల్ ర్యామ్‌డిస్క్‌లో ఉంటుంది. దాన్ని తయారుచేసే డ్రాకట్ లాంటి టూల్స్, హోస్ట్-ఓన్లీ పద్ధతిలో నడిచేటప్పుడు, ఆ మెషీన్‌కి ఏ డ్రైవర్లు కావాలో అవే లోపల పెడతాయి. పాత సర్వర్‌లో రెయిడ్ కార్డ్ ఉంది, దాని డ్రైవర్ పెట్టింది. వర్ట్‌ఐఓ డిస్క్ అక్కడ లేదు కాబట్టి ఆ డ్రైవర్ పెట్టలేదు. ఇప్పుడు వీఎంలో కెర్నల్ లేస్తుంది, రూట్ డిస్క్ కోసం ఎదురుచూస్తుంది, ఎంతకీ రాకపోతే ఎమర్జెన్సీ షెల్‌లో వదిలేస్తుంది. ఆ షెల్‌లో డెవ్ డైరెక్టరీ చూడండి. వీడీఏ అనేది ఎక్కడా లేకపోతే విషయం ఇదే.

తాత్కాలికంగా వీఎం డిస్క్‌ని సాటా కంట్రోలర్ మీదకి మార్చి బూట్ చేసి చూడండి, చాలా సర్వర్ల ర్యామ్‌డిస్క్‌లో ఆ డ్రైవర్ ఉంటుంది. లోపలికి వెళ్లాక వర్ట్‌ఐఓ మాడ్యూళ్లు చేర్చి ర్యామ్‌డిస్క్ మళ్లీ తయారుచేసి, డిస్క్‌ని వర్ట్‌ఐఓకి మార్చండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ అని పేరు పెట్టి ఉంటే యూయూఐడీకి మార్చుకోవడం మర్చిపోవద్దు. డెబియన్‌లో డిఫాల్ట్‌గా చాలా డ్రైవర్లు ర్యామ్‌డిస్క్‌లోనే ఉంటాయి కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. సర్వర్ ఇంకా బతికుండగానే, కాపీ చేసే ముందే ఈ మాడ్యూళ్లు చేర్చుకుంటే అన్నిటికన్నా మంచిది.

సెంట్ఓఎస్ 6 గెస్ట్‌లో వర్ట్‌ఐఓ డ్రైవర్లు ఉన్నాయి, అయినా డిస్క్ కనిపించట్లేదు. ఎందుకు?

వీఎంని క్యూ35 మెషీన్ టైప్‌తో చేశారా? అయితే సంగతి ఇదీ. వర్ట్‌ఐఓలో పాత తరం ఒకటి, 1.0 తర్వాత వచ్చిన కొత్త తరం ఒకటి ఉన్నాయి. క్యూ35లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టిన వర్ట్‌ఐఓ డివైస్ డిఫాల్ట్‌గా కొత్త తరం భాషే మాట్లాడుతుంది. సెంట్ఓఎస్ 6 కెర్నల్ 2.6.32, దానికి పాత భాష మాత్రమే వచ్చు. అందుకే డ్రైవర్ ఉండి కూడా డివైస్‌ని పట్టుకోలేదు. లిబ్‌వర్ట్‌లో డిస్క్ మోడల్‌ని వర్ట్‌ఐఓ-ట్రాన్సిషనల్ అని మార్చండి, లేదా పాత ఐ440ఎఫ్ఎక్స్ మెషీన్ టైప్ వాడండి. గెస్ట్ కెర్నల్‌ని కదపాల్సిన పనే లేదు.

గెస్ట్ వీఎంవేర్ మీదో, హైపర్-వి మీదో నడుస్తుంటే?

వాటి డ్రైవర్లు కూడా ఏళ్ల క్రితమే మెయిన్‌లైన్‌లోకి వచ్చేశాయి. వీఎంవేర్ నెట్‌వర్క్ డ్రైవర్ 2.6.32 నుంచి ఉంది. హైపర్-వి డ్రైవర్లను మైక్రోసాఫ్ట్ 2009లో పంపింది, అవీ మొదట అదే 2.6.32 స్టేజింగ్‌లో చేరాయి. జెన్ విషయంలో గెస్ట్‌గా ఎప్పటినుంచో నడుస్తున్నా, బయటి ప్యాచ్‌లు లేకుండా డామ్0గా (జెన్‌లో హోస్ట్ పాత్ర చేసే లినక్స్‌గా) పూర్తిగా నడవగలిగింది 3.0 నుంచి. ఈ రోజు డిస్ట్రో కెర్నల్ ఏది తీసుకున్నా వీటికోసం విడిగా ఏమీ చేయక్కర్లేదు.

రియల్‌టైమ్ కెర్నల్‌నో, లో-లేటెన్సీ కెర్నల్‌నో హోస్ట్‌లో పెడితే వీఎంలు చురుగ్గా ఉంటాయా?

మామూలు సర్వర్ పనికి పెట్టొద్దు. రియల్‌టైమ్ అంటే వేగం కాదు, చెప్పిన సమయం దాటకుండా పని జరుగుతుందన్న హామీ. ఆ హామీ కోసం మొత్తం మీద జరిగే పనిలో కొంత వదులుకోవాలి. రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ (అత్యవసర పని కోసం నడుస్తున్న పనిని మధ్యలో ఆపడం) 6.12లో మెయిన్‌లైన్‌లో చేరింది కాబట్టి దొరకడం ఇప్పుడు తేలికైంది, కానీ దొరుకుతుంది కదా అని వాడే వస్తువు కాదది. టెలికాం, ఆడియో, మెషీన్ కంట్రోల్ లాంటి పనులుంటే హోస్ట్‌లోనూ గెస్ట్‌లోనూ రెండుచోట్లా పెట్టాలి, వీసీపీయూలను (వీఎంకి ఇచ్చిన వర్చువల్ సీపీయూలను) ఫలానా కోర్లకు కట్టేయాలి, ఆ కోర్లను మిగతా పనులనుంచి వేరు చేయాలి. ఇవన్నీ చేయకుండా ఒక్క కెర్నల్ మారిస్తే ప్రయోజనం ఉండదు.

ప్రయోగం చేయాలనిపిస్తే డైనమిక్ ప్రీఎంప్షన్‌తో బిల్డ్ అయిన కెర్నళ్లలో, అంటే 5.12 తర్వాతవాటిలో, బూట్ ఆప్షన్‌తోనే నన్, వాలంటరీ, ఫుల్ మధ్య మార్చుకోవచ్చు. కెర్నల్ మార్చకుండానే తేడా కొలవొచ్చు.

వీఎంలు మందంగా ఉన్నాయంటే ముందు గెస్ట్‌లో టాప్ కమాండ్ తెరిచి స్టీల్ టైమ్ (సీపీయూ కోసం వీఎం ఎదురుచూసిన సమయం) చూడండి. అది ఎప్పుడూ పది శాతం పైన ఉంటే హోస్ట్‌లో ఉన్న కోర్ల కన్నా మీరు పంచిపెట్టిన వీసీపీయూలే ఎక్కువైపోయాయి. దాన్ని ఏ కెర్నలూ బాగుచేయలేదు.

మిటిగేషన్స్ (సీపీయూ లోపాలకు కెర్నల్ పెట్టే రక్షణలు) ఆఫ్ చేస్తే వేగం పెరుగుతుందట, చేయొచ్చా?

హోస్ట్‌లో చేయకండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్తాను. 2018 ఆగస్టులో బయటపడ్డ ఎల్1టీఎఫ్ లోపాన్ని తీసుకోండి: దాని బారిన పడ్డ ఇంటెల్ సీపీయూ మీద, దురుద్దేశంతో రాసిన గెస్ట్ కెర్నల్ తనది కాని మెమరీని, సీపీయూ ఎల్1 క్యాష్‌లో అది ఉన్నంతసేపూ, చదవగలదు. అందులో హోస్ట్ రహస్యాలుండొచ్చు, పక్క వీఎం పాస్‌వర్డ్‌లుండొచ్చు. వీఎం అంటేనే ఒకరి గది నుంచి ఇంకొకరి గదిలోకి చూడలేకపోవడం. ఆ గోడ తీసేసి కాస్త వేగం సంపాదించడం ఏం లాభం? వీఎంలన్నీ మీవే, బయటి కోడ్ ఒక్క లైన్ కూడా నడవదు అని కచ్చితంగా చెప్పగలిగిన ల్యాబ్ మెషీన్‌లో మీ ఇష్టం.

దీనికే ముడిపడిన సంగతి ఇంకొకటుంది. మైక్రోకోడ్ (సీపీయూ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ హోస్ట్‌లోనే చేయాలి, గెస్ట్‌లో ఆ ప్యాకేజీ వేసి లాభం లేదు. హోస్ట్‌లో వేశాక కూడా గెస్ట్‌కి కొత్త సీపీయూ ఫ్లాగ్‌లు కనిపించాలంటే గెస్ట్ లోపలి నుంచి రీబూట్ కొడితే సరిపోదు. వీఎంని పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి, ఎంచుకున్న సీపీయూ మోడల్‌లో ఆ ఫ్లాగ్ ఉండాలి. తర్వాత గెస్ట్‌లో ఎల్ఎస్‌సీపీయూ కొట్టి చివర్న వచ్చే వల్నరబిలిటీల లిస్ట్ చదవండి. ఈ ఆపి-లేపే పని చేయక నెలల తరబడి పాత ఫ్లాగ్‌లతోనే నడుస్తున్న గెస్ట్‌లను చాలా చూశాను.

గెస్ట్‌లో గడియారం తప్పుతోంది. ఇది కెర్నల్ వల్లేనా?

ఒకప్పుడు అయ్యేది, టైమర్ టిక్‌లు పోగొట్టుకుని గెస్ట్‌లు వెనకబడేవి. ఇప్పటి గెస్ట్ కెర్నల్ కేవీఎం-క్లాక్‌నో, టీఎస్‌సీనో క్లాక్‌సోర్స్‌గా తీసుకుంటుంది, రెండూ బాగానే ఉంటాయి. సిస్ ఫైల్‌సిస్టమ్‌లో కరెంట్ క్లాక్‌సోర్స్ ఫైల్ చూస్తే ఏసీపీఐ-పీఎం అనో హెచ్‌పీఈటీ అనో ఉంటే అప్పుడు అనుమానించాలి. అవి నెమ్మదైనవి, టైమ్ అడిగిన ప్రతిసారీ ఖర్చు ఎక్కువ. ఎలాగూ గెస్ట్‌లో క్రోనీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిచేసే ప్రోగ్రామ్) నడుస్తూ ఉండాలి.

గెస్ట్‌లో ఏ ఐఓ షెడ్యూలర్ (డిస్క్ పనుల వరస నిర్ణయించేది) పెట్టాలి?

నన్, అంటే ఏదీ వద్దు. వరస మార్చే పని హోస్ట్ చూసుకుంటుంది.

కెర్నల్ 6.12కి మారాక వర్చువల్‌బాక్స్ వీఎంలు లేవట్లేదు!

6.12 నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ కాగానే సీపీయూ వర్చువలైజేషన్‌ని తన చేతిలోకి తీసుకుంటోంది. అంతకుముందు మొదటి కేవీఎం వీఎం లేచేదాకా ఆగేది. వర్చువల్‌బాక్స్ వచ్చేసరికి అది ఖాళీగా ఉండట్లేదు. కేవీఎం మాడ్యూళ్లను తీసేయండి, లేదా ఎనేబుల్-వర్ట్-ఎట్-లోడ్ అనే కేవీఎం పారామీటర్‌ని సున్నా చేయండి. రెండు హైపర్‌వైజర్లు ఒకే మెషీన్‌లో పెట్టుకోకపోవడం ఇంకా హాయి.

క్లస్టర్‌లో అన్ని హోస్ట్‌లకూ ఒకే కెర్నల్ ఉండాలా?

లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని ఆపకుండా ఇంకో హోస్ట్‌కి మార్చడం) చేస్తుంటే ఉండటమే మంచిది. పాత కెర్నల్ హోస్ట్ నుంచి కొత్తదానికి వీఎంని పంపడం సాధారణంగా సాఫీగా సాగుతుంది. వెనక్కి పంపినప్పుడే చిక్కు, ఎందుకంటే కొత్త హోస్ట్‌లో లేచిన గెస్ట్ పాత హోస్ట్‌కి తెలియని సీపీయూ ఫీచర్‌ని వాడుతూ ఉండొచ్చు. సీపీయూ మోడల్‌ని హోస్ట్-పాస్‌త్రూ కాకుండా, అన్ని మెషీన్లూ ఇవ్వగలిగిన ఒక పేరున్న మోడల్‌కి కట్టేస్తే ఈ ముప్పు బాగా తగ్గుతుంది. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఒక హోస్ట్‌ని ఖాళీ చేసి, మార్చి, ముఖ్యం కాని రెండు మూడు వీఎంలను దాని మీదకి పంపి, కనీసం కొన్ని రోజులు చూసి, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్లండి.

స్నాప్‌షాట్ నుంచి ఒకే వీఎంని పదిసార్లు లేపుతాం. కెర్నల్ ఎంపికలో చూసుకోవాల్సిందేమైనా ఉందా?

ఉంది, చాలామంది పట్టించుకోనిది. ఒకే మెమరీ స్నాప్‌షాట్ నుంచి లేచిన కవలలన్నిటికీ ర్యాండమ్ నంబర్ల స్థితి ఒకటే ఉంటుంది, అంటే కాసేపటి వరకు ఒకేలాంటి తాళంచెవులు పుట్టే ప్రమాదం ఉంది. 5.18లో వచ్చిన వీఎం జనరేషన్ ఐడీ డ్రైవర్, తనని కాపీ చేశారని హైపర్‌వైజర్ చెప్పగానే కెర్నల్ ర్యాండమ్ స్థితిని మళ్లీ కలిపేస్తుంది. ఇలా క్లోన్ చేసే గెస్ట్‌లకు 5.18 తర్వాతి కెర్నలే ఎంచుకోండి, వీఎం కాన్ఫిగరేషన్‌లో ఆ డివైస్ ఉందో లేదో చూడండి.

లైవ్‌ప్యాచ్ (నడుస్తున్న కెర్నల్‌నే సరిచేసే పద్ధతి) ఉంటే హోస్ట్‌ని రీబూట్ చేయక్కర్లేదా?

వాయిదా వేయొచ్చు, మానేయలేరు. లైవ్‌ప్యాచ్ ఎంపిక చేసిన సెక్యూరిటీ లోపాలనే పూడుస్తుంది, అన్ని మార్పులనూ తేదు.

హోస్ట్‌లో కొత్త కెర్నల్ వేశాను, రీబూట్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

పాత కెర్నల్ ఇంకా బూట్ మెనూలో ఉందా, ఆటోరిమూవ్ దాన్ని తీసేయలేదు కదా. బూట్ పార్టిషన్ నిండిపోయి ర్యామ్‌డిస్క్ సగంలో ఆగిపోలేదు కదా, పాత ర్యామ్‌డిస్క్ పక్కన పెట్టి సైజు పోల్చండి. బయటి మాడ్యూళ్లు కొత్త కెర్నల్‌కి బిల్డ్ అయ్యాయో లేదో, ఆ బిల్డ్ చేసే డీకేఎంఎస్ టూల్ స్టేటస్ చూపిస్తుంది, అది ఒక్కో లైన్ చదవండి. సర్వర్ మీ పక్కన లేకపోతే రిమోట్ కన్సోల్ ముందే తెరిచి పెట్టుకోండి, బూట్ మెనూకి కనీసం పది సెకన్ల టైమౌట్ ఇవ్వండి. నెట్‌వర్క్ కార్డ్ పేరు మీదా ఒక కన్నేయండి: కొత్త కెర్నల్‌లో కార్డ్ పేరు మారితే బ్రిడ్జ్‌కి అది దొరకదు, హోస్ట్ లేస్తుంది, వీఎంలూ లేస్తాయి, కానీ బయటివాళ్లెవరికీ కనిపించవు. మ్యాక్ అడ్రస్‌తో కార్డ్‌కి స్థిరమైన పేరు కట్టేసి, అప్పుడు రీబూట్ కొట్టండి.